గణపతిని డ్రమ్ములో కరిగిస్తే చెరువు బాగుపడుతుందా?

నిజాంపేట కార్యదర్శి | సోమవారం, రాత్రి 9:40

మా అపార్ట్‌మెంటులో 64 ఫ్లాట్లు. మట్టి గణపతులనే తెచ్చుకోమని మూడేళ్లుగా నోటీసు బోర్డుకు కాగితం అంటిస్తున్నాం. మూడేళ్లుగా సగం ఇళ్లకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలే వస్తున్నాయి. నిమజ్జనం నాడు వాటిని ఆటోలో వేసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక తిరగడం నా వంతు.

ఈసారి ఒక సభ్యుడు ఒక ప్రతిపాదన తెచ్చారు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చెప్పిన పద్ధతి అది. అమ్మోనియం బైకార్బొనేట్ పొడి కలిపిన నీళ్లలో ప్లాస్టర్ బొమ్మను ఉంచితే ఒకటి రెండు రోజుల్లో విడిపోతుందట. పుణె నగరపాలక సంస్థ ఆ పొడిని జనానికి ఉచితంగా పంచింది కూడా. మనమూ సెల్లారులో డ్రమ్ములు పెడదామని ఆయన అంటున్నారు. ఇంకొక సభ్యురాలేమో, ఒక రసాయనం చేసిన చెడును మరో రసాయనంతో కడగడం ఏ తెలివి అని నిలదీశారు. ఆదివారం సమావేశం ఉంది. అక్కడ గొంతులు లేవకముందే ఇక్కడ అడుగుతున్నాను. తెలిసినవారు చెప్పండి.

బీకరు మాస్టారు | సోమవారం, రాత్రి 10:25

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇలాంటి ప్రశ్న దొరికితే నిద్రపట్టదు.

ప్లాస్టర్ నీళ్లలో కరగదని అందరూ అంటారు. కరుగుతుంది కానీ లీటరుకు రెండున్నర గ్రాములకు మించదు. పది కిలోల బొమ్మ పూర్తిగా కరగాలంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లు కావాలి. వేసవిలో మనం బతిమాలి తెప్పించుకునే 5000 లీటర్ల ట్యాంకరు దాదాపు ఒక్క బొమ్మకే సరిపోతుంది. చెరువులో నీళ్లకు కొదవేమిటి అంటారేమో. పైన రంగు పూత, కింద బురద, కదలని నీరు. అలాంటి చోట బొమ్మ నెలల తరబడి అలాగే పడి ఉంటుంది.

డ్రమ్ములో జరిగేది జతలు మారడం. ప్లాస్టర్ అంటే కాల్షియం సల్ఫేటు. అందులోని కాల్షియం, తన జత సల్ఫేటును వదిలి కార్బొనేటును పట్టుకుని, తెల్లటి సుద్దగా అడుక్కి దిగుతుంది. ఒంటరిగా మిగిలిన సల్ఫేటు అమ్మోనియంతో చేరి నీళ్లలో ఉండిపోతుంది. అదే అమ్మోనియం సల్ఫేటు, రైతులు పొలానికి వేసే ఎరువు. బుడగలుగా పైకి పోయేది కార్బన్ డయాక్సైడు.

కాగితం మీద లెక్క వేశాను. పది కిలోల బొమ్మకు సుమారు 9.2 కిలోల పొడి కావాలి. చివరికి 5.8 కిలోల సుద్ద, 7.7 కిలోల ఎరువు మిగులుతాయి. ఆ పొడి భయపడాల్సిందేమీ కాదు, బిస్కెట్లు పొంగడానికి కూడా వాడతారు. నా ఓటు డ్రమ్ముకే.

చెరువుగట్టు | మంగళవారం, ఉదయం 6:15

మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు. అది మధ్యలో ఆగిపోయింది, అంతే. 7.7 కిలోల ఎరువున్న ఆ నీళ్లను తర్వాత ఎక్కడ పోస్తారు?

నేను చెప్తాను. డ్రమ్ము ఖాళీ చేసేది వాచ్‌మన్. ఆయనకు అందుబాటులో ఉన్నది సెల్లారులోని మోరీ. ఆ మోరీ నాలాలో కలుస్తుంది, కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. బొమ్మను చేతులతో మోసుకెళ్లి వేసే బదులు గొట్టంలో పంపినట్టవుతుంది.

మీరు ఎరువు అన్నదాంట్లో ఐదో వంతుకు పైగా నత్రజని. అంటే బొమ్మకు 1.6 కిలోలు. మామూలు మురుగుశుద్ధి కేంద్రం సేంద్రియ మలినాన్ని తగ్గించినంతగా నత్రజనిని తగ్గించదు. చెరువులో చేరితే అది గుర్రపుడెక్కకు విందు. మిట్టమధ్యాహ్నం పాచి బాగా ఎదిగిన నీటిలో పీహెచ్, అంటే క్షారగుణం, పెరుగుతుంది. అప్పుడు అమ్మోనియం కాస్తా అమ్మోనియాగా మారి చేపల మొప్పలను కాలుస్తుంది. ఇక అడుగున గాలి ఆడని బురదలో సల్ఫేటును తినే బాక్టీరియా ఉంటాయి. అవి వదిలేది కుళ్లిన గుడ్డు వాసన. ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకుని నడిచినవారికి దాన్ని పరిచయం చేయక్కర్లేదు.

2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. 2021లో మన హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో వాటి నిమజ్జనాన్ని ఆపమంటే, సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి వెసులుబాటు ఇచ్చింది. 2022లో ఖైరతాబాద్ గణపతే 50 అడుగుల మట్టి విగ్రహమయ్యాడు. అంతటివాడు మారాడు, మీ ఫ్లాటులోని జానెడు గణపతి మారలేడా?

ఫ్లాట్ 302 | మంగళవారం, ఉదయం 8:50

రసాయనం సంగతి నాకు తెలియదు. దేవుణ్ణి డ్రమ్ములో వేసి మందు పోస్తారా అని మా అత్తగారు నిన్నటి నుంచి అడుగుతున్నారు. యాసిడ్ పోసినట్టుంది అన్నారు. ఆవిడ ఒప్పుకోరు.

నిజాంపేట కార్యదర్శి | మంగళవారం, ఉదయం 9:05

అమ్మగారికి చెప్పండి, అది యాసిడ్ కాదు. ఇక క్రేను కింద, నీళ్లలోంచి సగం విరిగిన చేతులతో విగ్రహాలను బయటికి లాగే దృశ్యం కన్నా డ్రమ్ము మర్యాదగా ఉంటుందని నా ఉద్దేశం. వాదన కోసం అనడం లేదు. నిమజ్జనం మర్నాడు ట్యాంక్‌బండ్ మీదుగా ఆఫీసుకు వెళ్తూ చూడలేక తల తిప్పుకున్నాను.

మట్టిచెయ్యి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మట్టి, మట్టి అని తేలికగా అంటున్నారు. మాది మట్టి బొమ్మల పని, మా నాన్నగారి నాటి నుంచి. ప్లాస్టర్ అయితే అచ్చులో పోసిన అరగంటకు గట్టిపడుతుంది. లోపల బోలు, చేతికి తేలిక, రవాణాలో విరగదు. ధూల్‌పేటలో ఎవరైనా అటు మొగ్గుతారంటే ఊరకే కాదు. మట్టి బొమ్మ ఆరడానికి రోజులు పడుతుంది. ఆరాల్సిన నెల చూస్తే వానల నెల. నిరుడు రెండు వరుసలు నెర్రెలిచ్చి మళ్లీ ముద్ద చేశాను. ఆ నష్టం ధరలో కలపకపోతే మేం ఎలా బతకాలి?

ఇంకొక మాట. కొనేవారు మట్టి బొమ్మనే అడుగుతారు, కానీ బంగారు రంగు కిరీటం, నీలం పంచె కావాలంటారు. ఆయిల్ పెయింటు ప్లాస్టర్ మీద వేసినా, మట్టి మీద వేసినా అదే పెయింటు. చెరువుగట్టుగారు దాని ఊసే ఎత్తలేదు.

చెరువుగట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఒప్పుకుంటున్నాను. రంగుల్లో సీసం, క్రోమియం లాంటివి ఉండవచ్చు. ఏ మంత్రం వేసినా సీసం సీసమే.

పటాన్‌చెరు పాతకాపు | మంగళవారం, రాత్రి 11:20

ఈ చర్చ చదువుతుంటే నవ్వూ వస్తోంది, కోపమూ వస్తోంది. పదకొండు రోజుల పండగకు ఇంత లెక్క కట్టారు. మిగిలిన 354 రోజులకు ఎవరూ కట్టరు. నేను ఇరవై రెండేళ్లు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల్లో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు వ్యర్థజలాల విభాగంలో.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు అక్కడికి చేరేది. శుద్ధి అయిన తర్వాతి నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

ఎలా జరిగిందంటారు? మా పనిలో రోజంతా వినిపించే మాట సీవోడీ. నీటిలోని మలినాన్ని పూర్తిగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. మురుగు ట్యాంకరు గేటు దగ్గర ఆగితే దాని సీవోడీ ఎంత, బయటికి వెళ్లే నీటిది ఎంత, ఇదే ధ్యాస. ఆ అంకెలో బెల్లం నీళ్లకూ యాంటీబయాటిక్‌కూ తేడా తెలియదు. శుద్ధి చేయాల్సింది బాక్టీరియా, వచ్చి పడుతున్నదేమో బాక్టీరియాను చంపే మందు. అందులోనూ బతికి బట్టకట్టినవి ఆ మందుకు అలవాటుపడినవే. రసాయనం తెలియక కాదు, అడగాల్సిన ప్రశ్న అడగక.

చికిత్సలు ఉన్నాయి. పెన్సిలిన్ జాతి మందును క్షారంలో ఉంచితే దాని అణువులోని వలయం తెగిపోతుంది. సిప్రో అలా లొంగదు, ఓజోన్ లాంటి గట్టి ఆక్సీకరణి కావాలి. ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి కొట్టే ఫెంటన్ పద్ధతి 1894 నాటిది, మేమూ వాడాం. మొదటిసారి చేసినప్పుడు నల్లటి నీరు గంటలో టీ రంగుకు దిగింది, అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత సున్నం వేస్తే తుప్పు రంగు బురద తొట్టి అడుగున మోకాలి లోతున చేరింది. దాన్ని లారీకెత్తి దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాం. ఆ తర్వాత వచ్చిన జీరో డిశ్చార్జి కూడా అంతే. నీటిని మరగబెట్టి ఆవిరి చేస్తాం, ఉప్పు మిగులుతుంది, అదీ లారీ ఎక్కుతుంది. ఆవిరికి బొగ్గు కాలుస్తాం. చుక్క నీరు బయటికి వెళ్లలేదని బోర్డు పెడతాం. ఇక వాన పడ్డ రాత్రి వాల్వు తిప్పేవారి గురించి చెప్పను. చెప్పినా కొత్త విషయం కాదు, నాలా పక్కన ఉన్నవారికి ముక్కుతో తెలుసు.

నేను డ్రమ్ముకు వ్యతిరేకం కాను. డ్రమ్ము అడుగున మిగిలేదానికి చిరునామా రాసిపెట్టకుండా పని మొదలుపెట్టకండి.

బీకరు మాస్టారు | బుధవారం, ఉదయం 7:40

పాతకాపుగారూ, మీ మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ రసాయనశాస్త్రం అంటే ఊడ్చే చీపురు మాత్రమే కాదని కూడా చెప్పాలి. కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందో కొలిచే లెక్కను షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఇచ్చాడు. మందుల పరిశ్రమలో అది పాతిక నుంచి వంద కిలోలు. ఆ పాతికను పదికి తెచ్చేది కూడా రసాయనమే, శుద్ధి కేంద్రంలో కాదు, సరుకు తయారయ్యే రియాక్టరులో. నొప్పి మాత్ర ఐబూప్రోఫెన్‌కు పాత పద్ధతిలో ఆరు దశలు, వాడిన పరమాణువుల్లో 40 శాతమే మందులోకి చేరేవి. కొత్త పద్ధతిలో మూడే దశలు, 77 శాతం చేరతాయి. మిగిలినదాన్ని శుద్ధి చేయడం కాదు, మిగలకుండా చేయడం.

చెరువుగట్టు | బుధవారం, ఉదయం 8:00

అదే కదా నేను మొదటి నుంచీ అంటున్నది! మట్టి బొమ్మ అంటే రియాక్టరులో మార్పు, డ్రమ్ము అంటే శుద్ధి కేంద్రం.

బీకరు మాస్టారు | బుధవారం, ఉదయం 8:20

సరే, ఒప్పుకున్నాను. అయినా ఒక్కటి. ఆ ప్లాస్టర్ చెరువులో పడితే సల్ఫేటు ఎలాగూ చెరువుదే. డ్రమ్ము కొత్తగా చేర్చేది నత్రజని ఒక్కటే, అది మొక్కకు చేరితే తగువు లేదు. ఇప్పటికే ఇళ్లలో ఉన్న ప్లాస్టర్ బొమ్మలను ఏం చేయమంటారు?

నిజాంపేట కార్యదర్శి | శుక్రవారం, రాత్రి 9:15

వాదన ఆపి చేసి చూశాను. నిరుడు ఎవరో స్టోర్‌రూములో వదిలేసిన కిలో ప్లాస్టర్ గణపతి. బకెట్‌లో ఆరు లీటర్ల నీళ్లు, 900 గ్రాముల పొడి. సంచి విప్పగానే అమ్మోనియా కళ్లలోకి కొట్టింది. సెల్లారు పనికిరాదు, గాలి ఆడేచోట చేయాలి, సంచిని ఎండలో ఉంచకూడదు. ఇవి రెండూ రాసిపెట్టుకున్నాను.

రాత్రి వేసిన దగ్గర్నుంచి సన్నగా సోడా చప్పుడు. తెల్లారేసరికి రంగు లేని అడుగు భాగం మెత్తబడింది, పైభాగం చెక్కు చెదరలేదు. మాస్టారికి ఫోను చేస్తే, పూత అడ్డుపడుతోంది, గీకమన్నారు. చేతులు రాలేదు. చివరికి వెనకవైపు మాత్రం గీకాను. రెండో రోజు సాయంత్రానికి బకెట్ అడుగున చిలికిన పెరుగులాంటి తెల్లటి బురద. పైన తేలుతున్నది చూసి ఉలిక్కిపడ్డాను. రంగు పొర, ఊడిన పాము కుబుసంలా. బంగారు కిరీటం, తొండం వంపు, ఒక కన్ను అలాగే ఉన్నాయి. చేత్తో తీసి పాత పేపరులో పెట్టాను. ఇప్పటికీ బాల్కనీలోనే ఉంది. సుద్ద సంగతి, నీళ్ల సంగతి మీరు చెప్పారు. ఈ పొరను ఎక్కడికి పంపాలో ఎవరూ చెప్పలేదు.

పటాన్‌చెరు పాతకాపు | శుక్రవారం, రాత్రి 9:50

ఇంటి చెత్తలో వేయకండి. పాత బ్యాటరీల లాంటి వాటితో విడిగా కట్టి ఇవ్వండి. రంగు ఊరిన నీళ్లను ఆకుకూరలకు పోయకండి, పచ్చిక, పూలమొక్కలు చాలు. లీటరుకు వంద లీటర్ల మంచినీళ్లు కలపాలి, లేకపోతే వేర్లు మాడిపోతాయి.

నిజాంపేట కార్యదర్శి | ఆదివారం, మధ్యాహ్నం 1:10

సమావేశం అయింది. డ్రమ్ములు టెర్రస్ మీద పెడతాం. తీర్మానంలో నేను చేర్చించిన వాక్యం ఇది: ప్లాస్టర్ బొమ్మ తెచ్చినవారే పొడి కొనాలి, సుద్ద ఎత్తాలి, తమ డ్రమ్ము నీళ్లను వందింతలు పలచన చేసి మొక్కలకు తామే పోయాలి. పది కిలోల బొమ్మ అంటే 60 లీటర్లు, పలచన చేస్తే ఆరు వేలు. ఈ అంకె చదవగానే హాలులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెరువుగట్టుగారూ, మీరు డ్రమ్మే వద్దన్నారు, అది గెలవలేదు.

చెరువుగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:35

గెలవలేదు, సరే. వాచ్‌మన్‌కు మాత్రం తాళం ఇవ్వకండి.

ఫ్లాట్ 302 | ఆదివారం, మధ్యాహ్నం 2:00

మట్టిచెయ్యిగారూ, అడుగున్నర బొమ్మ ఎంతవుతుందో మా అత్తగారు కనుక్కోమన్నారు.

మట్టిచెయ్యి | ఆదివారం, మధ్యాహ్నం 2:20

ధర ఫోనులో చెప్తానమ్మా. కావాలంటే ఈ వారమే చెప్పండి, వానలు ముదిరితే ఆరవు. కిరీటానికి పసుపు, బొట్టుకు కుంకుమ. బంగారు రంగు మాత్రం అడగకండి.