జీటీఏ 5 ఆగి ఆగి వస్తోంది, కార్డు మార్చినా అంతే. అర్జెంటు, ఎవరైనా చెప్పండి

గుంటూరు గేమర్:
అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ, తల పగిలిపోతోంది. జీటీఏ 5లో హైవే మీద బండి బాగానే పోతుంది. ఊళ్లోకి రాగానే బొమ్మ అలాగే నిలబడిపోతుంది, మళ్లీ కదిలేసరికి బండి గోడకి గుద్దుకుని ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు కొని వేశాను. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశా. విండోస్ ఫ్రెష్‌గా ఎక్కించా. సెట్టింగులన్నీ నార్మల్‌కి తగ్గించా. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించితే బొమ్మ మసకబారింది తప్ప ఒక్క ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) కూడా పెరగలేదు. గేమ్ వాళ్ల రికమెండెడ్ లిస్టుకి నా సిస్టమ్ సరిగ్గా సరిపోతుంది, అది ముందే చూసుకున్నా. అమ్మినతను పాడైన కార్డు అంటగట్టాడేమోనని డౌటు. వెనక్కి ఇవ్వాలంటే రేపే ఆఖరు అన్నాడు. ఇచ్చేయనా?

ఒక్కముక్క:
ప్రాసెసర్?

గుంటూరు గేమర్:
ఐ5 అన్నా. ర్యామ్ 8 జీబీ. కార్డు సంగతి చెప్పండి, టైమ్ లేదు.

ఒక్కముక్క:
ఐ5లు 2009 నుంచి వస్తున్నాయి. నంబరు చెప్పు.

సీటీసీ సర్వీస్:
తమ్ముడూ, కార్డు తర్వాత, ముందు క్యాబినెట్ మూత తియ్యి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఆగి ఆగి వస్తోందని తెచ్చే పాత సిస్టమ్‌లలో చాలావాటికి రోగం ప్రాసెసర్ ఫ్యాన్ దగ్గరే ఉంటుంది. ఫ్యాన్ మీద దుమ్ము తుడిస్తే సరిపోదు. ఫ్యాన్ విప్పితే కింద అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటుంది, గాలి పోయే దారే ఉండదు. ఇంటెల్ వాళ్ల మామూలు కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి, ఒక్కొక్కటి బోర్డులోకి టక్కుమని దిగాలి. ఒక్క కాలు పైకి లేచినా కూలర్ ఓ పక్కకి ఒరిగి ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనదు. అప్పుడు వేడి పెరిగి ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించేసుకుంటుంది. ప్రాసెసర్‌కి, కూలర్‌కి మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలుతుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టు. వేలితో పులమొద్దు. మనవాళ్లు కార్డు మీద వేలకు వేలు పోస్తారు, పేస్టు ట్యూబు కొనమంటే మాత్రం చెయ్యి రాదు.

గుంటూరు గేమర్:
మూత తీసి చూశా అన్నా, దుమ్ము ఉంది, బ్రష్‌తో దులిపా. కాళ్లు నాలుగూ దిగే ఉన్నాయి. టెంపరేచర్ గేమ్‌లో 70 దాటట్లేదు. ప్రాసెసర్ ఐ5 3470. మదర్‌బోర్డు హెచ్61. ఆఫీసులో తీసేసిన సిస్టమ్ మామయ్య ఇచ్చాడు.

సీటీసీ సర్వీస్:
70 అంటే పర్లేదు. అయినా పేస్టు మార్చు.

విశాఖ తీరం:
3470 అంటే 2012 నాటిది బ్రదర్. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, అంటే ఒకేసారి నాలుగు పనులే నడుస్తాయి. ఇంకా దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు? అమ్మేసి కొత్త ప్లాట్‌ఫామ్‌కి వెళ్లిపో. ఆరు కోర్ల ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ చాలు. ఈ పాత చిప్ మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ.

గుంటూరు గేమర్:
కొత్తది కొనే డబ్బులుంటే ఇక్కడికెందుకు వస్తాను అన్నా. ఇంకో సంగతి, రికమెండెడ్ లిస్టులో ఉన్నదే ఐ5 3470! అచ్చం అదే నంబరు, 3.2 గిగాహెర్ట్జ్ అని కూడా ఉంది. 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 660 చాలన్నారు. నాది 1650, ఇంకా మంచిది. అందుకే కార్డు మీద డౌటు.

ఎఫ్‌ఎక్స్ 8350:
ఆ లిస్టులో పక్కనే ఏఎండీ ఎఫ్‌ఎక్స్ 8350 కూడా ఉంటుంది, అది చెప్పవేం? నేను ఇవాళ్టికీ దాని మీదే ఆడుతున్నా. 2012 అక్టోబర్‌లో వచ్చిన చిప్, 8 కోర్లు, 4 గిగాహెర్ట్జ్. ఆ రోజుల్లో నాలుగు కోర్ల ఇంటెల్ కొన్నవాళ్లందరూ నన్ను చూసి నవ్వారు. ఇప్పుడు వాళ్ల సిస్టమ్‌లు ఆగి ఆగి వస్తున్నాయి.

ఒక్కముక్క:
8 కోర్లు కాదు.

ఎఫ్‌ఎక్స్ 8350:
డబ్బా మీద 8 అనే ఉంది. టాస్క్ మేనేజర్‌లో 8 గ్రాఫులు వస్తాయి.

ఒక్కముక్క:
నాలుగు మాడ్యూళ్లు. ఒక్కో మాడ్యూల్లో ఇంటీజర్ (పూర్ణాంకాల లెక్కల) కోర్లు రెండు, ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ లెక్కల) యూనిట్ ఒకటే, దాన్ని రెండు కోర్లూ పంచుకోవాలి. దీని మీదే అమెరికాలో కేసు వేశారు, 2019లో 1.21 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది.

ఎఫ్‌ఎక్స్ 8350:
సెటిల్ చేసుకోవడం, తప్పు ఒప్పుకోవడం ఒకటి కాదు. ఇంటీజర్ లెక్కలకి అవి పూర్తి కోర్లే. మరి ఐ7 వాళ్లు నాలుగు కోర్లు పెట్టుకుని 8 థ్రెడ్లని చెప్పుకుంటే అది నిజమా?

విశాఖ తీరం:
థ్రెడ్ అని చెప్పారు, కోర్ అని చెప్పలేదుగా. తేడా అక్కడే ఉంది.

పెంగ్విన్ పంతులు:
మీరు కోర్ల మీద కొట్టుకోండి, అసలు సమస్య వేరే. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్ నుంచే. 3470 అంటే 3వ జనరేషన్. దొంగదారిలో 11 ఎక్కించుకున్నా కొన్ని ఆటలు ఒప్పుకోవు. వాలరెంట్ సంగతే చూడండి, 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేకపోతే మొహం మీదే తలుపు వేస్తుంది. ఇలాంటి సిస్టమ్‌కి విండోస్ బదులు లైనక్స్ ఒక్కటే దిక్కు. తేలిగ్గా ఉంటుంది, వెనకాల నడిచే చెత్త తక్కువ, ఆటల స్టోర్ స్టీమ్‌లో ప్రోటాన్ ఆన్ చేస్తే విండోస్ ఆటలు చాలావరకు నడుస్తాయి. నాలుగు థ్రెడ్లే ఉన్న చిప్‌కి ప్రతి చిన్న వెసులుబాటూ ముఖ్యమే.

నీలిమేఘం:
పంతులు గారూ, లైనక్స్ మంచిదే, కానీ ఈ అబ్బాయి ఆడేది జీటీఏ. 2024 సెప్టెంబర్‌లో ఆన్‌లైన్ మోడ్‌కి మోసాలు పట్టే బ్యాటిల్‌ఐ పెట్టినప్పటి నుంచి లైనక్స్‌లో ఆన్‌లైన్ ఆడనివ్వట్లేదు, స్టోరీ మోడ్ మాత్రమే. అది చెప్పకుండా మార్చమంటే రేపు మళ్లీ ఇంకో ప్రశ్న వేయాల్సి వస్తుంది.

గుంటూరు గేమర్ తమ్ముడూ, మూడు విషయాలు చెప్పు. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ఎంత, జీపీయూ ఎంత? 8 జీబీ అంటే ఒకే స్టిక్కా, రెండు నాలుగులా? అన్నిటికంటే ముఖ్యం, నువ్వు ఎక్కించింది లెగసీనా, ఎన్‌హాన్స్‌డా?

గుంటూరు గేమర్:
సీపీయూ 100 అక్కా, ఊళ్లో ఉంటే అస్సలు దిగట్లేదు. జీపీయూ 40, 50 మధ్య ఊగుతోంది. ర్యామ్ ఒకటే 8 జీబీ స్టిక్. లైబ్రరీలో రెండు కనిపించాయి, కొత్తది బాగుంటుందని ఎన్‌హాన్స్‌డ్ ఎక్కించా. రెండూ ఒకటే గేమ్ కదా?

నీలిమేఘం:
కథ ఒకటే. ప్రాసెసర్‌కి, కార్డుకి మాత్రం రెండూ ఒకటి కాదు. నువ్వు చూసిన లిస్టు 2015లో పీసీకి వచ్చిన పాత వెర్షన్‌ది, ఇప్పుడు దాన్నే లెగసీ అంటున్నారు. దానికి 3470 రికమెండెడ్, అది నిజమే. ఎన్‌హాన్స్‌డ్ 2025 మార్చిలో వచ్చింది. దాని లిస్టులో మినిమమ్మే ఐ7 4770, అంటే 8 థ్రెడ్లున్న 4వ జనరేషన్ చిప్. పైగా ఎస్‌ఎస్‌డీ కావాలి, ర్యామ్ 8 జీబీ డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు స్టిక్‌లుగా ఉండాలి. ఒక లిస్టు చదివి ఇంకో గేమ్ ఎక్కిస్తే ఎవరికైనా ఇలాగే ఉంటుంది.

కార్డు తిరిగి ఇవ్వకు. నువ్వు రాసినదాంట్లోనే జవాబు ఉంది. రిజల్యూషన్ తగ్గిస్తే కార్డుకి పని తగ్గుతుంది, ప్రాసెసర్‌కి తగ్గదు. రోడ్డు మీద నడిచే ప్రతి మనిషి ఎటు తిరగాలి, ప్రతి కారు ఎక్కడ ఆగాలి, నువ్వు గుద్దితే ఏ డొక్కు ఎటు ఎగరాలి, ఇవన్నీ ప్రాసెసర్ లెక్కలు. 1080లోనైనా 720లోనైనా మనుషులు అంతమందే. అందుకే హైవే మీద బాగుంది, ఊళ్లో ఆగుతోంది. కార్డు సగం ఖాళీగా కూర్చుని, ప్రాసెసర్ నుంచి తర్వాతి ఫ్రేము ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. పాడైన కార్డైతే బొమ్మ మీద గీతలో చుక్కలో రావాలి, లేదంటే డ్రైవర్ క్రాష్ అవ్వాలి. ఇలా ఊళ్లో ఒకలా, ఊరి బయట ఇంకోలా ఉండదు.

విశాఖ తీరం:
అదే నేను మొదట చెప్పింది. బాటిల్‌నెక్, అంటే ఒక భాగం వెనకబడి మిగతావాటిని ఆపేయడం. ఆన్‌లైన్‌లో బాటిల్‌నెక్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, చిప్, కార్డు నంబర్లు కొడితే ఎంత శాతమో చెప్పేస్తుంది.

నీలిమేఘం:
ఆ క్యాలిక్యులేటర్లను దయచేసి ఎవరికీ చెప్పకండి. ఇదే సిస్టమ్‌లో ఇదే అబ్బాయికి హైవే మీద ఒకలా, ఊళ్లో ఇంకోలా ఉందిగా. ఆట మారితే, సెట్టింగు మారితే, వీధి మారినా ఎక్కడ ఇరుకు అనేది మారిపోతుంది. దానికి ఒక్క శాతం ఎలా చెబుతారు? ఆ అంకె చూసి బాగున్న చిప్‌లు అమ్ముకున్నవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు.

గుంటూరు గేమర్:
సరే అక్కా, లెగసీ డౌన్‌లోడ్ పెడుతున్నా. మా నెట్‌కి రాత్రంతా పడుతుంది. ఈలోగా ఇంకోటి. 1650 అమ్మేసి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తీసుకుంటే తేడా ఉంటుందా? మా ఫ్రెండ్ ఇస్తానంటున్నాడు.

సీటీసీ సర్వీస్:
వద్దు తమ్ముడూ. కొత్త బోర్డుల్లో ఆ కార్డు దారి వేరు, నీ బోర్డులో వేరు. దానికి పీసీఐఈ లేన్లు, అంటే బోర్డుతో డేటా నడిచే దారులు, నాలుగే. పీసీఐఈ 4 ఉన్న బోర్డులో నాలుగు లేన్లు అంటే సెకనుకి సుమారు 8 జీబీ. పీసీఐఈ 3లో అది 4 జీబీ అవుతుంది, 2లో రెండే. నీ హెచ్61 ఏ మోడలో బట్టి 3 కావచ్చు, 2 కావచ్చు. 4 జీబీ వీడియో మెమరీ నిండిపోయి ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆ ఇరుకు దారిలో ఆట మళ్లీ ఆగుతుంది. నీ 1650కి లేన్లు 16. పాత బోర్డుకి అదే సరైన జోడీ. పైగా చాలా 1650లకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి. ఆఫీసు సిస్టమ్‌లో ఉండే చిన్న ఎస్‌ఎంపీఎస్‌కి (పవర్ సప్లై డబ్బాకి) అది ఎంతో మేలు. ఎస్‌ఎంపీఎస్ అంటే గుర్తొచ్చింది, నీది ఎన్ని వాట్లు? స్టిక్కర్ మీద 12 వోల్టుల లైన్‌లో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడు. మొత్తం వాట్లు కాదు, 12 వోల్టుల దగ్గర ఎంతిస్తుందనేదే అసలు లెక్క. 450 అని పెద్దక్షరాలతో రాసి లోపల అందులో సగం కూడా ఇవ్వని డబ్బాలు మార్కెట్లో బోలెడు.

నీలిమేఘం:
డబ్బులు పెట్టాలనుకుంటే కార్డు మీద కాదు, ముందు ర్యామ్ మీద పెట్టు. నీ బోర్డులో స్లాట్లు రెండే, 16 జీబీ వరకు తీసుకుంటుంది. ఇంకో 8 జీబీ డీడీఆర్3 1600 స్టిక్ వేస్తే డ్యూయల్ ఛానల్ అవుతుంది. ఒక్క స్టిక్‌తో సెకనుకి 12.8 జీబీ, రెండు ఉంటే 25.6. ఇప్పుడు నువ్వు చేస్తున్నది రెండు కుళాయిలున్న చోట ఒకటే తిప్పి బిందె నింపడం. ఆగి ఆగి రావడంలో దీని వాటా కూడా ఉంటుంది. విడిగా పాత డీడీఆర్3 స్టిక్‌లు సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గానే దొరుకుతాయి.

ఆ తర్వాతే ప్రాసెసర్. అదే సాకెట్‌లో ఐ7 3770 కూర్చుంటుంది. దానిదీ 77 వాట్లే కాబట్టి బోర్డుకి అదనపు బరువు లేదు, కోర్లు నాలుగే అయినా థ్రెడ్లు 8. నీ బోర్డు 3470ని నడుపుతోంది కాబట్టి 3వ జనరేషన్‌కి కావాల్సిన బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) ఉన్నట్టే. 3770కె అని చివర కె ఉన్న మోడల్‌కి మాత్రం ఎక్కువ పెట్టకు, హెచ్61లో ఓవర్‌క్లాక్ (చిప్ స్పీడు పెంచుకోవడం) కుదరదు. ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ఈ3 1230 వి2 అయితే ఇంకా చవగ్గా దొరకొచ్చు, అదీ 4 కోర్లు, 8 థ్రెడ్లు. దాంట్లో గ్రాఫిక్స్ ఉండవు, నీకు కార్డు ఉంది కాబట్టి పర్వాలేదు. కొనేముందు బోర్డు కంపెనీ ఇచ్చే సీపీయూ సపోర్ట్ లిస్టులో ఆ జియాన్ పేరు ఉందో లేదో చూసుకో.

పైసా ఖర్చు లేనిది ఒకటుంది. సెట్టింగుల్లో పాపులేషన్ డెన్సిటీ (వీధుల్లో జనం, బండ్లు) సగానికి తగ్గించు, ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ స్కేలింగ్ (దూరంగా కనిపించే వస్తువుల వివరం) సున్నా చెయ్యి. ఈ రెండూ నేరుగా ప్రాసెసర్ మీద పడతాయి. టెక్స్చర్లు హైలోనే ఉంచుకో, అది కార్డు మెమరీ సంగతి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 45 దగ్గర కట్టు. 70కి ఎగిరి 20కి పడే ఆట కంటే 45 దగ్గర నిలబడిన ఆట కంటికి ఎంతో నయం.

ఎఫ్‌ఎక్స్ 8350:
45ఆ? నాకు 60 వస్తుంది.

ఒక్కముక్క:
ఏ వెర్షన్‌లో?

ఎఫ్‌ఎక్స్ 8350:
లెగసీ. ఎన్‌హాన్స్‌డ్ లిస్టులో మినిమమ్ ఎఫ్‌ఎక్స్ 9590 అన్నారు. అదీ నా చిప్ తమ్ముడే, క్లాక్ మాత్రమే ఎక్కువ. 8 కోర్లు అవసరమని వాళ్లే ఒప్పుకున్నట్టేగా.

ఒక్కముక్క:
పక్కనే ఐ7 4770 ఉంది. 4 కోర్లు.

ఎఫ్‌ఎక్స్ 8350:
8 థ్రెడ్లు.

విశాఖ తీరం:
ఇందాక థ్రెడ్లు లెక్కలోకి రావన్నారు మీరే.

పెంగ్విన్ పంతులు:
తమ్ముడూ, ఆన్‌లైన్ ఆడకపోతే మాత్రం లైనక్స్ ఒకసారి పెన్‌డ్రైవ్ మీద పెట్టి చూడు. నచ్చకపోతే తీసేయి, డిస్కు ముట్టుకోదు.

గుంటూరు గేమర్:
లెగసీ ఎక్కింది. డెన్సిటీ తగ్గించి, 45 కట్టా. ఆటలో వైన్‌వుడ్ వీధుల్లో కూడా ఆగట్లేదు, ఒకట్రెండు చోట్ల చిన్నగా తడబడింది అంతే. కార్డు ఉంచేసుకున్నా. ర్యామ్ వచ్చే నెల చూస్తా. థాంక్స్ అక్కా, థాంక్స్ అందరికీ.

సీటీసీ సర్వీస్:
సంతోషం తమ్ముడూ. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫొటో పెట్టు, చూస్తాను. పేస్టు మార్చావా?

ఎఫ్‌ఎక్స్ 8350:
ఇక్కడ ఎవరి దగ్గరైనా 8350, 3770 రెండూ ఉంటే ఒకే కార్డు వేసి, ఒకే వీధిలో లెగసీ నడిపి వీడియో పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.