ఒక కోడి ఎక్కితే రెండో కోడి కాలు పెడుతోంది, తూకం ఎలా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్క పల్లె. పెరట్లో వనరాజా రకం కోళ్లు. కిలోన్నర దాటినవి అమ్మకం గదిలోకి, మిగతావి మేత గదిలోకి వాటంతటవే పోయేలా సన్నటి దారి కట్టాను. మధ్యలో 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ పలక, కింద 10 కిలోల దాకా బరువు పట్టే లోడ్ సెల్ (తూకం సెన్సార్), దాని సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డు, అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ చిప్ ఈఎస్పీ32. బరువు తేలగానే సర్వో మోటారు తలుపు తిప్పుతుంది.

ఇసుక సంచి పెడితే అంకె కదలదు. కోడి రెక్కలు కొడితే మాత్రం 1.1 నుంచి 2.3 కిలోల దాకా ఊగేది. సగటు తీస్తే లాభం లేకపోయింది. హెచ్ఎక్స్711లో వేగం మార్చే రేట్ పిన్‌ను మార్చి సెకనుకు 10 రీడింగులను 80 చేసి, వాటిని వరసలో పేర్చి నడిమి విలువ (మీడియన్) తీసుకున్నాక ఒంటి కోడికి తేడా 60 గ్రాముల లోపే. అది చాలు.

అసలు తంటా వెనక వచ్చే కోడిది. ముందుదాని తోక పొడుస్తూ ఓ కాలు పలక మీద పెడుతుంది. మెషీన్ 2.9 కిలోలని మురిసిపోయి రెండింటినీ అమ్మకానికి పంపేస్తోంది. వెనక ఇంకో తలుపు పెట్టాను, పుంజు అందులో నిలబడి టోల్‌గేటు నడుపుతోంది. పలక మీద మేత గిన్నె పెడితే ఎక్కింది దిగదు. టోకెన్లు ఇవ్వమని మా బావ సలహా.

రెండో తలుపు లేకుండా, పలక మీద ఒక్క కోడే ఉందని తేల్చుకోవడానికి మీ దగ్గర ఏ సెన్సార్ ఎక్కడ బిగిస్తే పనిచేసింది?