చెవిలో హోరు ఉన్నవారు పెళ్లిళ్లలో, బరాత్‌లలో ఎంత శబ్దం దాకా కూర్చోవచ్చు?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. కొంతకాలంగా రెండు చెవుల్లోనూ కీచురాయి అరుస్తున్నట్లు సన్నని హోరు ఆగకుండా వినిపిస్తోంది. చెవి డాక్టరు గారు వినికిడి పరీక్ష చేయించి, చెవిలో గుమిలి, చీము వంటివేవీ లేవని, 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని కీచు శబ్దాల దగ్గర మాత్రం వినికిడి తగ్గిందని, దీన్ని టిన్నిటస్ అంటారని చెప్పారు. మందుతో పోయేది కాదని, పెద్ద శబ్దాలకు దూరంగా ఉండమని కూడా చెప్పారు. అయితే ఎంత శబ్దాన్ని పెద్ద శబ్దం అనుకోవాలో నాకు తెలియడం లేదు.

వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో మా అక్క కూతురి పెళ్లి. పెళ్లికూతురిని మండపానికి తీసుకురావలసిన మేనమామను నేనే కాబట్టి, గట్టిమేళం మోగేటప్పుడు డోలుకు రెండు గజాల దూరంలో నిలబడక తప్పదు. రాత్రికి డీజేతో బరాత్ ఉంటుంది. ఈ మధ్య ఒక దావత్‌లో ఫోన్‌లోని డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే భోజనాల దగ్గర 82, బాక్సుల దగ్గర 98 చూపించింది. ఈ అంకెలను నమ్మవచ్చా? ఎంత దాటితే లేచి రావాలి? చెవుల్లో దూది సరిపోతుందా? హోరు ఇంకా పెరుగుతుందేమోనన్న భయంతో ఇప్పుడు ఇంట్లో కూడా దూది పెట్టుకునే ఉంటున్నాను. శుభకార్యాలకు వెళ్లడమే మానుకోవాలా అన్న ఆలోచన కూడా వస్తోంది.

జవాబు 1 (స్వస్థలం దేవరకొండ, హైదరాబాద్‌లో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు)

సార్, నమస్కారం. మీరు మేనమామగా ఆ పెళ్లిలో నిలబడవలసిందే, నిలబడవచ్చు కూడా. ఎంత దాటితే లేచి రావాలని మీరు అడిగారు గాని, చెవికి జరిగే నష్టాన్ని శబ్దం ఎంత గట్టిది అన్నదానితో పాటు అందులో ఎంతసేపు ఉన్నామన్నది కూడా నిర్ణయిస్తుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు హద్దుగా పెట్టి, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు సమయాన్ని సగం చేసింది. 88లో 4 గంటలు, 91లో 2 గంటలు, 94లో గంట, 100కు వచ్చేసరికి 15 నిమిషాలే. 3 అనేది చిన్న అంకెలా కనిపించినా, చెవిలోకి చేరే ధ్వనిశక్తి అక్కడికి రెండింతలవుతుంది.

అది కర్మాగారాలకు వేసిన లెక్క. పెద్దవాళ్లు వినోదం కోసం వినే శబ్దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఇంకా తక్కువ: 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు. మీ చెవి ఇప్పటికే కొంత దెబ్బతిన్నది కాబట్టి దీన్నే పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మీరు కొలిచిన అంకెలను ఇందులో పెట్టి చూడండి. భోజనాల దగ్గర 82లో మూడు గంటలు కూర్చున్నా వారం కోటాలో ఎనిమిదో వంతు మాత్రమే ఖర్చవుతుంది. బాక్సుల దగ్గర 98లో మాత్రం వారం మొత్తం కోటా 40 నిమిషాల లోపే అయిపోతుంది. అక్కడ రెండు గంటలు నడిస్తే మూడు వారాలది ఒక్క రాత్రిలో వాడేసినట్లు. గట్టిమేళం 100 దాటినా జీలకర్ర బెల్లం పెట్టే ఆ ఒకటి రెండు నిమిషాలే మోగుతుంది. అందువల్ల మీరు భయపడవలసింది బరాత్‌కే గాని మేళానికి కాదు.

ఫోన్ యాప్‌ల విషయానికి వస్తే, ఫోన్ మైకును మనిషి మాట కోసం తయారు చేస్తారు కాబట్టి డీజే స్థాయి శబ్దం దగ్గర అది ఉన్నదాని కంటే తక్కువ చూపించే అవకాశం ఉంది. పైగా ఒక్కో ఫోన్ ఒక్కో రకంగా చూపుతుంది. అంచనాకు పనికొస్తుంది గాని, 84 కనిపించింది కాబట్టి ఫరవాలేదు అనుకునేంత నమ్మకం పెట్టుకోకండి. నేను రోగులకు చెప్పే పద్ధతి యాప్ కంటే సులువైనది. చేయి చాచితే అందే దూరంలో ఉన్న మనిషికి అరిస్తే తప్ప మాట వినపడకపోతే అక్కడ 85 దాటిందని అనుకోవచ్చు.

దూది వల్ల ప్రయోజనం చాలా తక్కువ. మందుల షాపుల్లో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు కొనండి. ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి పట్టుకుని లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపాలి. ప్యాకెట్ మీద 30 డెసిబెళ్లు తగ్గిస్తుందని ఉంటే సగమే వస్తుందని లెక్కించుకోండి. ఆ 15 తగ్గినా 98 కాస్తా 83 అవుతుంది.

ఇంట్లో మాత్రం చెవుల్లో ఏమీ పెట్టుకోకండి, ఇది ముఖ్యం. చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన గ్రహణశక్తిని పెంచుకుంటుందని, హోరు వినిపించడానికి అది ఒక ప్రధాన కారణమని నిపుణులు భావిస్తారు. నిశ్శబ్దంలో చెవులు మూసుకుని కూర్చుంటే హోరు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, కొన్నాళ్లకు గిన్నెల చప్పుడు కూడా భరించలేని స్థితి రావచ్చు.

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి)

రైస్‌మిల్లులో పనిచేసి ఈ హోరు తెచ్చుకున్నవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు, వారిలో నేనొకణ్ని. ఆడియాలజిస్టు గారు చెప్పిన లెక్కలకు అనుభవం నుంచి కొంత కలుపుతాను. రాత్రి పూర్తి నిశ్శబ్దంలో పడుకోకండి సార్. ఫ్యాను చప్పుడో, వినపడీ వినపడనంత రేడియోనో ఉంటే మనసు హోరును పట్టుకుని ఉండదు. నా వరకు హోరు తగ్గలేదు గాని, దాని మీద ధ్యాస తగ్గింది, నిద్ర వచ్చింది. ఫంక్షన్ హాల్‌కు వెళితే నేను ముందుగా బాక్సులు ఎక్కడున్నాయో చూసుకుని, వాటికి ఎదురుగా కాకుండా భోజనాల వైపు చివరి వరసలో కూర్చుంటాను. నా పరిస్థితి ఇదని బంధువులకు ముందే చెప్పి పెట్టాను. అలా చెప్పకపోతే మధ్యలో లేచి వెళ్లినవాణ్ని అలిగాడనుకుంటారు.

జవాబు 3 (మహబూబ్‌నగర్ నుంచి)

సార్, మా ఊరికే వస్తున్నారు కాబట్టి చట్టం సంగతి చెబుతాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నాలుగు గోడల మధ్య ఉన్న ఫంక్షన్ హాల్‌కు ఈ రాత్రి నిషేధం నుంచి మినహాయింపు ఉంది గాని, వీధిలో నడిచే బరాత్‌కు లేదు. మీరు మేనమామ, పెళ్లి పెద్దల్లో ఒకరు. కాబట్టి డీజే మాట్లాడుకునే రోజే బరాత్ 10 లోపు ముగియాలని, బాక్సులను ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న వైపు తిప్పకూడదని మీరే షరతు పెట్టవచ్చు. బతుకమ్మ ఆటలో చప్పట్లు, పాట చాలిన చోట ఇప్పుడు డీజే వచ్చి ఒకరి మాట ఒకరికి వినపడకుండా పోతున్నందుకు నాకు బాధగా ఉంది. అడిగే పెద్దమనిషి ఒకరుంటే తగ్గిస్తారు, మా వీధిలో తగ్గించారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో దూది తీసేశాను. డీజే గురించి బావగారితో మాట్లాడతాను. ఇంకొక్క సందేహం: ఆ దావత్ తర్వాత మరునాటి దాకా చెవులు మూసుకుపోయినట్లుండి, తర్వాత తెరుచుకున్నాయి. తెరుచుకున్నాయి కాబట్టి నష్టం జరగలేదని అనుకోవచ్చా?

జవాబు 1 రాసినవారు

అలా అనుకోలేం సార్. 2009లో ఎలుకల మీద చేసిన ఒక పరిశోధనలో, పెద్ద శబ్దం తర్వాత వినికిడి మామూలు స్థాయికి తిరిగి వచ్చినా, లోపలి చెవిలోని కణాలకు, నరానికి మధ్య ఉండే కలయికలు కొన్నిచోట్ల సగం దాకా పోయి, తిరిగి రాలేదని తేలింది. చెవులు దిబ్బడ వేయడాన్ని ఆ రోజు హద్దు దాటినదానికి గుర్తుగా తీసుకుని, కొన్ని రోజులు పెద్ద శబ్దాల జోలికి పోకండి.

బరాత్‌లో బాక్సుల బండికి ఎంత దూరం నడవగలిగితే అంత మేలు. ఆరుబయట దూరం రెండింతలైతే సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతాయి. వీధికి రెండు వైపులా గోడలుంటే, హాల్‌లో ఉన్నట్లే, అంత తగ్గదు. అక్కడ ప్లగ్‌లు తీయకండి. ఎప్పుడైనా ఒక చెవిలో వినికిడి హఠాత్తుగా పడిపోతే పెళ్లి పనులని ఆగకుండా అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే దానికి ఇచ్చే స్టెరాయిడ్ చికిత్స ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గుతుంది. హోరు ఒక్క చెవిలోనే మొదలైనా, గుండె కొట్టుకునే లయలో వినిపించినా కూడా చూపించుకోండి.