'ఫార్మర్' ఎప్పటినుంచి రైతు అయ్యాడు?

ఈస్టిండియా కంపెనీ గవర్నరు వారన్ హేస్టింగ్స్ 1772లో బెంగాల్‌లో శిస్తు వసూలు హక్కులను అయిదేళ్ల గడువుతో వేలం వేయించిన కాలానికి చెందిన ఒక ఆంగ్ల నివేదికను తెలుగు చేస్తున్నాను. అందులో అడుగడుగునా కనిపించే 'ఫార్మర్' అన్న మాటను రైతు అని రాసుకుంటూ పోయి, తీరా ఆ 'రైతులే' రైతులను పీడిస్తున్నారన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అక్కడ 'ఫార్మర్' అంటే శిస్తు వసూలు హక్కును వేలంలో పాడుకున్నవాడన్నమాట.

నిఘంటువులు తిరగేస్తే, మధ్యయుగపు లాటిన్‌లో 'ఫిర్మా' అంటే ముందుగా ఖాయం చేసుకున్న చెల్లింపు అని, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరిన ఆ మాట మొదట కౌలు సొమ్మును, తరువాత కౌలుకిచ్చిన భూమిని, క్రమంగా ఎవరిదైనా సరే సాగుభూమిని సూచించిందని తెలిసింది. ఫ్రాన్సులో 1794లో రసాయన శాస్త్రవేత్త లవోయిజర్‌ను గిలటిన్ ఎక్కించింది కూడా ఇలాంటి పన్నుల 'ఫార్మర్' పదవే. (మన 'కౌలు' సైతం అరబ్బీలో 'మాట' అనే అర్థమున్న పదం నుంచి వచ్చినదే కదా!)

ఈ నివేదికలోని 'ఫార్మర్'ను ఇజారాదారు అనడం మేలా, గుత్తేదారు అనడం మేలా? రెండోది చదివితే నేటి పాఠకుడికి రోడ్ల కాంట్రాక్టరు స్ఫురిస్తాడేమోనని నా జంకు. అలాగే సొంత భూమి దున్నుకునేవాడిని ఇంగ్లీషులో ఫార్మర్ అనడం ఏ కాలపు పత్రాల్లో మొదలైందో ఉదాహరణలతో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.