వీధి పిల్లిపిల్లను ఇంట్లోకి తెచ్చుకోవాలా? ఇంట్లో ఇద్దరు ఔనంటున్నారు, ఇద్దరు వద్దంటున్నారు

మెట్లకింద_మనిషి:
మా మెట్ల కింద పాత సామాన్ల వెనక ఒక వీధి పిల్లి పిల్లలు పెట్టింది. మిగతావాటిని ఎక్కడికో మార్చేసింది గానీ ఒకటి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. కళ్ళు నీలంగా ఉన్నాయి, చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి, తోక పైకెత్తి తడబడుతూ నడుస్తోంది. దగ్గరికెళ్తే బుస్సుమంటుంది, ఆ ఊపుకి తనే వెనక్కి పడుతుంది. ఇంట్లో నలుగురం. మా ఆవిడ, పాప తెచ్చేసుకుందాం అంటున్నారు. అమ్మ వద్దంటోంది, ఆవిడకి ఆస్తమా. నేనూ అమ్మ వైపే, ఎందుకంటే మా ఆవిడ ఇప్పుడు గర్భవతి, పిల్లి ఉంటే కడుపులో బిడ్డకి ప్రమాదమని ఎవరిని అడిగినా అంటున్నారు. ఇంట్లో పెట్టుకోవాలా, గుమ్మం బయటే తిండి పెట్టి చూసుకోవాలా, అసలు ముట్టుకోకుండా వదిలేయాలా? కారణంతో సహా చెప్పండి. 'పాపం కదా' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, అది మా ఇంట్లో పూటకోసారి వింటూనే ఉన్నాను.

మీసాల_సంఘం:
తెచ్చేసుకోండి, అదీ ఈ వారంలోనే. పిల్లిపిల్లకి మనుషులంటే భయం పోయే వయసు ఒకటుంటుంది, సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా. అప్పుడు మనిషి చెయ్యి, గొంతు, ఇంట్లో చప్పుళ్ళు అలవాటైతే ఇక జీవితాంతం బెంగ లేదు. అది దాటాక కూడా మచ్చికవుతాయి గానీ నెలలు పడుతుంది, కొన్ని ఎప్పటికీ కావు. నడుస్తోంది, చెవులు నిలబడ్డాయి అంటే మూడు వారాలు దాటినట్టే. కళ్ళ నీలం ఆరేడు వారాలప్పుడు మారడం మొదలవుతుంది, మీది ఇంకా మారలేదు. అంటే సరిగ్గా ఆ వయసు మధ్యలో ఉంది. బుస్సుమనడం పొగరు కాదు, భయం. ఇంట్లో మీటింగుల మీద మీటింగులు పెట్టుకుంటూ కూర్చుంటే మీరు తేల్చేలోపు దాని వయసు దాటిపోతుంది.

పాతకాపు:
సంఘం గారూ, కాస్త ఆగండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు. నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే మోస్తుంది, మధ్యలో వేటకి పోతుంది, మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటే చాటున కూర్చుని గంటల తరబడి ఎదురుచూస్తుంది. మీరు అక్కడ నిలబడి 'తల్లి రాలేదు, తల్లి రాలేదు' అనుకుంటుంటే అది ఎలా వస్తుంది? ముందు దూరం జరగండి. కూన చుట్టూ నేల మీద పల్చగా పిండి చల్లండి, రాత్రి తల్లి వచ్చి వెళ్తే పొద్దునకి అడుగులు కనబడతాయి. కూన పొట్ట గుండ్రంగా ఉండి, ఒళ్ళు శుభ్రంగా ఉండి, ఎక్కువసేపు నిద్రపోతుంటే తల్లి వస్తున్నట్టే. మట్టిగొట్టుకుపోయి, డొక్కలు పీక్కుపోయి, ఆపకుండా అరుస్తుంటే రావట్లేదన్నట్టు. ఇవేవీ చూడకుండా ఎత్తుకొచ్చి దాన్ని కాపాడామని చెప్పుకోవడం నాకు నచ్చదు. తల్లి దగ్గరుంటే అది నేర్చుకునేవి మనం నేర్పలేం, పళ్ళు ఎంత గట్టిగా దిగితే నొప్పి పుడుతుందో దానికి తెలిసేది తోబుట్టువులతో కుస్తీ పట్టినప్పుడే.

మీసాల_సంఘం:
పిండి సలహా బాగుంది, ఒప్పుకున్నాను. కానీ ఎంతసేపని ఆగాలి? ముట్టుకుంటే చల్లగా ఉన్నా, వానకి తడుస్తున్నా, చీమలు పట్టినా, కంటికి పుసి కట్టి మూసుకుపోయినా తల్లి కోసం చూస్తూ కూర్చోకూడదు. మెట్లకింద గారూ, తీసుకోవాల్సి వస్తే ముందు ఒళ్ళు వెచ్చబడాలి, ఆ తర్వాతే ఆహారం. చల్లబడ్డ కూన కడుపులో పాలు అరగవు, చాలామంది చేసే తప్పు అదే. మామూలు పాలు పొయ్యకండి, విరేచనాలు పట్టుకుంటాయి, ఆ సైజులో ఒక్క పూట విరేచనాలు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లి కూనల కోసమే చేసిన పాలపొడి దొరుకుతుంది. పట్టేటప్పుడు బోర్లా ఉంచి పట్టండి, చంటిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీది నెల దాటి ఉంటే పాలపొడితో పాటు మెత్తటి పిల్లి ఆహారం కూడా నాకుతుంది.

ల్యాబ్_కోటు:
నేను గర్భం సంగతి ఒక్కటే మాట్లాడతాను, ఎందుకంటే దాని మీద చెప్పేవాళ్ళలో సగం మంది అతిగా భయపెడతారు, మిగతా సగం 'అదేం లేదు' అని కొట్టిపారేస్తారు. రోగం పేరు టాక్సోప్లాస్మోసిస్. ఆ పరాన్నజీవి పిల్లి పేగుల్లో వృద్ధి చెందుతుంది, మలంలో బయటికి వస్తుంది. అయితే సాధారణంగా పిల్లి దాన్ని బయటికి వదిలేది మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే. పైగా ఆ మలం వెంటనే అంటించదు, 1 నుంచి 5 రోజులు పడి ఉంటేనే అంటించే స్థితికి వస్తుంది. అందుకే లిట్టర్ ట్రే, అంటే ఇంట్లో పిల్లి మలమూత్రాలకి పెట్టే పళ్ళెం, రోజూ శుభ్రం చెయ్యమంటారు, అదీ గర్భిణి కాకుండా వేరేవాళ్ళు. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోట మట్టి వల్ల కూడా ఇది వస్తుంది. వాటి గురించి ఎవరూ ఇంత టెన్షన్ పడరు!

ఇక రెండోవైపు. ఎప్పుడూ ఇంట్లోనే ఉండి డబ్బా తిండి తిన్న పెద్ద పిల్లి కంటే, తల్లి తెచ్చిన ఎలుకని రుచి చూసిన వీధి కూనకి ఇది కొత్తగా సోకే అవకాశం ఎక్కువ. కాబట్టి 'పిల్లిని పెంచుకున్నవాళ్ళంతా బానే ఉన్నారు కదా' అన్న వాదన మీ విషయంలో నిలవదు. మీ ఆవిడకి ఇంతకుముందే సోకి తగ్గిపోయిందా లేదా అని రక్తపరీక్షలో తెలుస్తుంది, ముందే సోకినవాళ్ళకి ప్రమాదం చాలా తక్కువ. డాక్టర్‌ని అడిగి అది చేయించుకోండి. ఆ తర్వాత ట్రే ఎవరు ఎత్తుతారో మీ ఇంట్లో తేల్చుకోండి. నా ఉద్దేశంలో అది మీరే!

తుమ్ముల_రాయుడు:
అందరూ పిల్లి గురించి, కడుపులో బిడ్డ గురించి మాట్లాడుతున్నారు, అమ్మగారి సంగతి ఎవరికీ పట్టలేదు. పిల్లి అలర్జీ బొచ్చు వల్ల కాదు, ఫెల్ డి 1 అనే ప్రొటీన్ వల్ల. అది దాని లాలాజలంలో, చర్మం మీది జిడ్డులో ఉంటుంది. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది, అది ఆరి సన్నటి ధూళై గాల్లో తేలుతుంది, కర్టెన్లకీ పరుపులకీ పట్టేస్తుంది. పిల్లిని పంపేశాక కూడా నెలల తరబడి ఇంట్లో ఉండిపోతుంది. 'చూద్దాం, పడకపోతే ఇచ్చేద్దాం' అనుకుని తెచ్చారనుకోండి, రెండు నెలలకి పాప దానికి పేరు పెట్టి పక్కలో పడుకోబెట్టుకుంటుంది, అప్పుడు అమ్మగారికి ఆయాసం వస్తే ఎవరిని పంపిస్తారు? అప్పుడు ఆవిడే నోరు మూసుకుని ఇన్‌హేలర్ పీల్చుకుంటూ సర్దుకుపోతుంది. ఆస్తమా ఉన్న ప్రతివాళ్ళకీ పిల్లి పడదని నేననను, చాలామందికి ఏమీ కాదు. కానీ అలర్జీ పరీక్ష ముందా, పిల్లి ముందా? ముందు పరీక్ష!

గుమ్మం_బయట:
ఇంత రాద్ధాంతం ఎందుకండీ. మేం వీధి పిల్లులకి గుమ్మం బయటే పెడతాం. వస్తాయి, తింటాయి, పోతాయి. ఇంట్లో బొచ్చు లేదు, అలర్జీ లేదు, ట్రే ఎత్తే పని లేదు, దాని స్వేచ్ఛ దానికుంటుంది. మధ్యేమార్గం అంటే ఇదే.

ఆపరేషన్_తర్వాతే_మాట:
ఈ మధ్యేమార్గం మీదే నాకు మంట. గుమ్మం బయట గారూ, మీ మీద కోపం కాదు, మీరు మంచి మనసుతోనే పెడుతున్నారు. కానీ మీ దగ్గర తినే ఆడపిల్లుల్లో ఎన్నిటికి ఆపరేషన్ చేయించారు? ఆడపిల్లి నాలుగో నెలకే ఎదకి రావచ్చు. కడుపుతో ఉండేది రెండు నెలలే. తల్లి ఇంకా పాలిస్తుండగానే మళ్ళీ కడుపుతో అవ్వగలదు, ఏడాదిలో రెండు మూడు ఈతలు మామూలే. కడుపునిండా తిండి దొరికితే ఇంకా ఎక్కువ. వీధి కూనల్లో చాలావరకు పెద్దవి కాకుండానే పోతాయి, మనకి కనబడే చోట పోవు కాబట్టి మనకి తెలియదు. రేపు మెట్లకింద గారింటి మెట్ల కిందికే ఇంకో అరడజను వస్తాయి, మళ్ళీ ఇదే థ్రెడ్ పెట్టుకుందాం.

ఇంట్లో పెంచుకోవడం ఒక పద్ధతి. పట్టుకుని, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, తిరిగి అక్కడే వదిలి తిండి పెట్టడం ఇంకో పద్ధతి, దానికి గుర్తుగా చెవి కొన కొంచెం కత్తిరిస్తారు, మళ్ళీ మళ్ళీ పట్టకుండా. పెద్దయిపోయి మచ్చిక కాని పిల్లికి అదే మేలు. అసలు జోలికి పోకపోవడం మూడోది, నాకు నచ్చదు గానీ అదీ ఒక పద్ధతే. తిండి మాత్రం పెట్టి మిగతావన్నీ గాలికొదిలేయడం నాలుగోది, అన్నిట్లో అధ్వానం అదే. పెట్టినవాళ్ళకి తృప్తి, పిల్లికి ఇంకో కాన్పు.

గుమ్మం_బయట:
చెప్పడం సులువే. వీధి పిల్లిని పట్టేదెవరు, తీసుకెళ్ళేదెవరు, డబ్బు పెట్టేదెవరు? పిల్లి మెడలో గంట కట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నేను పెట్టకపోతే అవి ఆకలితో చస్తాయి, అది మీకు సమ్మతమేనా?

ఆపరేషన్_తర్వాతే_మాట:
కాదు. పెట్టడం ఆపమనలేదు, పెట్టడంతో ఆగొద్దన్నాను. రోజూ ఒకే టైంకి ఒకే చోట తినే పిల్లిని పట్టడం మీకు తేలిక, తిండి పెట్టనివాళ్ళకే కష్టం. గిన్నెని మెల్లమెల్లగా బోను లోపలికి జరపండి, కొన్నాళ్ళకి దానంతటదే లోపలికెళ్ళి తింటుంది.

కొత్తగా_వచ్చా:
మధ్యలో ఒక డౌట్. మేం మాంసం తినం, పిల్లికి కూడా మేం తినేదే పెడితే సరిపోతుందా?

ల్యాబ్_కోటు:
సరిపోదు. పిల్లికి టారిన్ అనే పదార్థం బయటి నుంచి అందాలి, దాని ఒంట్లో తగినంత తయారవదు, అది ఎక్కువగా ఉండేది మాంసంలోనే. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. మీ పద్ధతి మీది, దాని కడుపు దానిది. ఇంట్లోకి మాంసం వాసనే రాకూడదనుకుంటే కుందేలునో గినీ పందినో చూసుకోండి.

మెట్లకింద_మనిషి:
అందరికీ థాంక్స్. పిండి చల్లాం, అడుగుల్లేవు. కూన డొక్కలు కనబడుతున్నాయి, రాత్రంతా అరిచింది. పొద్దున మా ఆవిడ ఒక అట్టపెట్టెలో పాత తువ్వాలు వేసి, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా ఒక పక్క పెట్టింది, వేడెక్కితే రెండో పక్కకి జరగడానికి చోటుండాలంది, ఇదంతా ఎక్కడ చదివిందో మరి. అమ్మ ఇంకా వద్దనే అంటోంది. నేను ఎటూ తేల్చుకోలేదు. పెట్టెలోకి ఎత్తుతుంటే పాప చేతి మీద రక్కింది, రెండు గీతలు, కొంచెం రక్తం వచ్చింది. కడిగేశాం, పర్వాలేదు. ఇప్పుడు దాన్ని ఇంట్లో...

ల్యాబ్_కోటు:
మిగతాది తర్వాత, ముందు పాప సంగతి. కడిగేశాం అంటే ఎంతసేపు? సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి. అది చేసి ఈ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. టీకాల్లేని వీధి జంతువు, రక్తం వచ్చిన గాయం. రేబిస్ ఉన్న ప్రాంతమైతే డాక్టర్ టీకా మొదలుపెడతారు, రక్తం వచ్చింది కాబట్టి గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్, అంటే రేబిస్‌ని వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్, కూడా ఇవ్వొచ్చు. లక్షణాలు కనబడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు. 'చిన్న కూనే కదా' అనుకోకండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కూడా గుర్తు చేసుకుని వెళ్ళండి.

పాతకాపు:
ఇందులో చర్చ లేదు, వెళ్ళండి. ఇంకో మాట, తల్లి దగ్గరే వదలమని పట్టుబట్టింది నేనే అయినా ఇప్పుడు వదలొద్దంటున్నాను. కరిచిన, రక్కిన పిల్లిని 10 రోజులు కళ్ళముందు ఉంచుకుని గమనించాలి. అది ఆరోగ్యంగా ఉంటే పాప మిగతా డోసుల గురించి డాక్టర్ ఆలోచిస్తారు. అలాగని ఆ 10 రోజులయ్యాక చూద్దామని మొదటి డోసు ఆపకూడదు.

మెట్లకింద_మనిషి:
బయల్దేరుతున్నాం. మరి ఈ 10 రోజులు దీన్ని ఎక్కడ పెట్టాలి?

మీసాల_సంఘం:
కిటికీ ఉన్న చిన్న గది, లేదా వాడని బాత్రూం. సామాన్లు ఎక్కువుంటే వెనక దూరి కూర్చుంటుంది, తీయలేరు. ట్రే ఒక మూల, తిండి దానికి దూరంగా ఇంకో మూల, తిండి పక్కనే ట్రే ఉంటే చాలా పిల్లులు దాన్ని వాడవు. దారాలు, సూదులు, రబ్బరు బ్యాండ్లు ఏరేయండి, దారం మింగితే పేగుల్ని ముడేస్తుంది. లిల్లీ పూలు ఇంట్లో ఉంటే తీసేయండి, పుప్పొడి అంటినా కిడ్నీలు పోతాయి. జ్వరమొచ్చినట్టు అనిపిస్తే మన పారాసిటమాల్ ముక్క చేసి వెయ్యకండి, ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోతుంది. కుక్కల ఒంటి మీది పురుగులకి వాడే ఫ్లీ మందు కూడా వద్దు, పెర్మెత్రిన్ ఉన్నది అస్సలు వద్దు. వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి మీరే తీసుకెళ్ళండి, నులిపురుగుల మందు ఆయనే బరువు చూసి వేస్తారు. తామర ఉందేమో కూడా చూడమనండి, పిల్లలకి ఇట్టే అంటుకుంటుంది.

తుమ్ముల_రాయుడు:
ఆ గది అమ్మగారి గదికి ఆనుకుని ఉండకూడదు. లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు బట్టలు మార్చుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. ఈ 10 రోజుల్లోనే ఆవిడ అలర్జీ పరీక్ష కూడా చేయించేయండి, ఎలాగూ ఆగాలి కదా.

పాతకాపు:
ఆ పరీక్షలో తేడా వస్తే కూనని ఇంకో ఇంటికి ఇవ్వండి, వీధిలోకి కాదు. పది రోజులు మనిషి చేతి తిండి తిన్నాక వీధిలో వదిలితే అది బతకదు.

ఆపరేషన్_తర్వాతే_మాట:
ఎవరికిచ్చినా ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకునే ఇవ్వండి. అసలు వెట్ దగ్గరికి వెళ్ళినప్పుడే ఆడో మగో చూడమనండి, ఈ వయసులో మనం చూస్తే పొరబడతాం. తోక కింది రెండు రంధ్రాలు దగ్గరగా ఉంటే ఆడ, కాస్త ఎడంగా ఉంటే మగ.

మెట్లకింద_మనిషి:
డాక్టర్ దగ్గర్నుంచి రాస్తున్నాను. పాపకి మొదటి డోసు పడింది, గాయం చుట్టూ కూడా ఇంజెక్షన్ ఇచ్చారు, బాగా ఏడ్చింది. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి సీసా చల్లారిపోయింది, నీళ్ళు మార్చాలా అని అడిగింది. దగ్గరికి వెళ్ళొద్దు, మేం వచ్చి మారుస్తాం అని చెప్పాను. అలర్జీ పరీక్షకి అపాయింట్‌మెంట్ రాయించాను.