మునిగిన ఓడలో మనుషుల ఎముకలుంటే దాన్ని కోసి అమ్ముకోవచ్చా?

ప్రశ్న (తాళ్ళరేవు నుంచి): హోప్ ఐలాండ్‌కు తూర్పున వేటకు వెళ్ళే మా బోట్ల వలలు ఒకచోట అడుగున చిక్కుకుని చిరుగుతూ ఉంటాయి. ఈ మధ్య చిరిగిన వలతో పాటు తుప్పు పట్టిన రేకు ముక్క, దానితో మనిషి తొడ ఎముకలా కనిపించేది ఒకటి పైకి వచ్చాయి. బోటు నడిపే సరంగు దానికి పసుపు, కుంకుమ జల్లి, దండం పెట్టి, తిరిగి నీళ్ళలోనే వదిలాడు. తుక్కు ఇనుము కొనే వ్యాపారి మాత్రం చోటు చూపిస్తే డైవర్లను దింపి ఓడను కోయించుకుంటానని వెంటపడుతున్నాడు. చట్టం ఏమంటుంది? మీ మనసుకు ఏది న్యాయమనిపిస్తుంది?

జవాబు (కాకినాడ, న్యాయవాది): అతనికి చోటు చూపించకండి. మునిగిన ఓడ శిథిలం దొరికినవారు సొంతం చేసుకోకుండా రిసీవర్‌కు, అంటే శిథిలాల కోసం ప్రభుత్వం నియమించే అధికారికి, తెలపాలని 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టమే చెప్పింది. అసలు హక్కుదారు ఏడాదిలోగా ముందుకు రావచ్చని కూడా అది చెప్పింది. అయితే ఆ నిబంధనలు ఓడనూ సరుకునూ దృష్టిలో పెట్టుకుని రాసినవి, లోపల ఉండిపోయినవారి గురించి కాదు. వారి గురించి స్పష్టంగా మాట్లాడినది 2001 నాటి యునెస్కో ఒప్పందం: మానవ అవశేషాలను అనవసరంగా కదిలించరాదనీ, శిథిలాన్ని ఉన్నచోటే కాపాడటాన్ని ముందు ఆలోచించాలనీ, వ్యాపారానికి వాడరాదనీ అంటుంది. మన దేశం అందులో చేరలేదు. పైగా అది కనీసం 100 ఏళ్ళు నీటిలో ఉన్నవాటికే వర్తిస్తుంది.

జవాబు (యానాం, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు): ఆ 100 ఏళ్ళ గీతే నన్ను బాధిస్తోంది. 1839 తుఫానులో కోరంగి రేవు దగ్గర మునిగిన చెక్క ఓడలు దాని లోపలికి వస్తాయి. 1942 ఏప్రిల్‌లో జపాను నౌకాదళం బంగాళాఖాతంలో ముంచిన వాణిజ్య నౌకలు 20కి పైనే; అదే నెల 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ నౌకలకు 2042 దాకా ఈ రక్షణ లేదు, తుక్కుగా గిరాకీ ఉన్న ఇనుమేమో వాటిలోనే ఉంది. జావా సముద్రంలో 1942లో వందల నావికులతో మునిగిన డచ్చి యుద్ధనౌకలు డి రాయిటర్, జావా 2016లో వెతకడానికి వెళ్ళేసరికి అడుగున లేవు. మీ రేకు ముక్క ఇనుపది కాబట్టి తొందరగా అధికారులకు చెప్పడం మంచిది.

జవాబు (రాజమహేంద్రవరం): ఎముకలుంటే ముట్టుకోకూడదన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు, ఎప్పుడు తీస్తారా అని కుటుంబాలు ఎదురుచూశాయి. ఇనుప తాళ్ళకు లంగర్లు కట్టి లాగి, చివరికి అక్టోబరు 22న కాకినాడ జట్టు దాన్ని ఒడ్డుకు చేర్చింది. కొందరి దేహాలు అందులోనే దొరికాయి. దేహం దొరకనివారికి దర్భబొమ్మను దహనం చేసి కర్మ చేయాల్సి వస్తుందని తెలిసినవారెవరూ, అలాంటి బోటును నది అడుగునే వదిలేయమనరు. కన్నవాళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటే తీయాలి. ఇనుముకు ధర పలుకుతోందని తీయకూడదు. రెంటికీ తేడా గుర్తించే నియమమే మనకు లేదు.

జవాబు (తాళ్ళరేవు నుంచి): అందరికీ కృతజ్ఞతలు. ఆ చోటు సరంగు జీపీఎస్‌లో ఉంది. రేపు దాన్ని కాగితం మీద రాసి, రేకు ముక్కతో పాటు మెరైన్ పోలీసులకు, పోర్టు అధికారికి ఇస్తాం. ఎముక సంగతి కూడా అందులో రాస్తాం.