బెంగళూరులో నలుగురం సినిమాకెళ్తే 2400. అప్పుడు చవకా, ఇప్పుడా?

కావలి కుర్రాడు: మొన్నాదివారం మారతహళ్ళి దగ్గర ఒక మాల్‌కెళ్ళాం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. టికెట్లు 1400, బుకింగ్ చార్జీ 140, పాప్‌కార్నూ కూల్‌డ్రింకులూ 780, పార్కింగ్ 80. మా నాన్న ఆర్టీసీ కండక్టరండీ, ఆ జీతంతోనే నెలకి రెండు సినిమాలు చూపించేవాడు, ఇంటర్వెల్‌లో బఠాణీల పొట్లం, ఒక్క సోడా, నేనూ చెల్లీ గుక్కలు లెక్కపెట్టుకుని తాగేవాళ్ళం. నేనేమో సాఫ్ట్‌వేర్‌లో ఉండి కూడా జంకుతున్నా. అప్పుడే చవక కదా?

మడివాళ పీజీ: అన్నా, ఇద్దరికీ ఒకే సోడా అని నువ్వే అంటున్నావ్ 😀 అది చవక కాదు, సరిపెట్టుకోవడం. ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఎస్టీడీ బూత్‌లో రాత్రి పావు రేటు టైము కోసం క్యూలో నిలబడి, మీటర్లో ఎర్ర అంకెలు తిరుగుతుంటే చెప్పాల్సింది మర్చిపోయి పెట్టేసేదాన్నని మా అక్క ఇప్పటికీ చెప్తుంది. 2016లో జియో వచ్చాక ఆ బెంగే లేదు. సినిమాలంటావా, పీజీ హాస్టల్ మంచం మీదే బోలెడు చూస్తున్నా.

వేళచ్చేరి వదిన: మంచం మీద చూసేదీ విజిళ్ళ మధ్య చూసేదీ ఒకటేనా బాబూ? మా చెన్నైలో మల్టీప్లెక్స్ టికెట్‌ని ప్రభుత్వం చాలా ఏళ్ళు 120 దాటనివ్వలేదు, 2017లో 150 చేశారు, పన్నులు వేరే. మీ కర్ణాటకలో సెప్టెంబరు 2025లో 200కి మించొద్దని రూలు తెస్తే మల్టీప్లెక్స్ వాళ్ళు హైకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నారు. పాప్‌కార్న్ మాత్రం ఇక్కడా దోపిడీయే.

యశ్వంతపుర మావయ్య: రేటు కట్టడి చేసేస్తే మంచి హాళ్ళు ఎవడు కడతాడమ్మా? సినిమా మానేయొచ్చు, మెట్రో మానలేంగా, ఫిబ్రవరి 2025లో గరిష్ట చార్జీ 60 నుంచి 90 చేశారు. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేసిన శక్తి స్కీము పుణ్యమా అని 2023 నుంచి మా ఆవిడ బస్సులో ఫ్రీగా కబ్బన్ పార్కుకి పోయొస్తోంది, పక్క సీట్లో నేను టికెట్ కొనుక్కుని కూర్చుంటున్నా.

మడివాళ పీజీ: 😂😂 అంకుల్

కావలి కుర్రాడు: సోడా సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ మా నాన్న ఎప్పుడూ "ఓటీటీలో వచ్చాక చూద్దాంలే" అనలేదు, అప్పుడు ఓటీటీ లేదనుకో. నిన్న మా పాపతో నేను అదే అన్నా.